అంచులు మింగేటోడు

చిక్కడపల్లిలో మేం పుస్తకాలు కిరాయికి తెచ్చుకునే షాపు మూతపడుతోందని తెలిసి, తొంభైల చివర్లో ఒక ఆదివారం పొద్దున పాత గిరాకీలమంతా అక్కడ చేరాం. షాపాయన షట్టర్ సగం ఎత్తి, కామిక్సన్నీ మెట్ల మీద గుట్టలుగా పోశాడు. కావలసినవాళ్ళు ఏరుకోవచ్చు. ఏరుకోవడం తక్కువ, ముచ్చట్లు ఎక్కువ అయ్యాయి. మా అందరికీ ప్రాణమైన ముసుగు వీరుడి కథలు ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు మానేశారు అన్నదే ముచ్చట.

"నాకు మీసాలొచ్చినంక బుక్కు వట్టుకుంటె మా బాపు చూసి నవ్విండు. గంతే, బంద్," అన్నాడు అశోక్ నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువు పరీక్షలకు చదువుతున్న ఒకన్న.

"గిప్పుడు మీసాలు తీసేసినవ్ గద, మళ్ళ షురూ జెయ్," అన్నాడు పక్కనున్నాయన.

కేబుల్ టీవీ వచ్చాక మానేశామన్నారు కొందరు. ఒకామె పెళ్ళయ్యాక కూడా మానలేదట, పైగా మొగుడికి అలవాటు చేసిందట. అందరూ పగలబడి నవ్వారు.

నా వంతు వచ్చింది. "చిన్నప్పుడే మానేసిన అన్నా," అని ఊరుకున్నాను. ఇంకో మాట చెబితే ఆ నవ్వులు ఆగిపోయేవి. నేను ఆ కామిక్ మొదలుపెట్టిందీ, మానేసిందీ మా అక్క వల్ల. అక్క చూపు పోతోందని మా ఇంట్లో అందరికన్నా ముందు నాకు తెలిసింది. చెప్పింది అక్కే. కాకపోతే కామిక్ చదువుతున్నట్టుగా చెప్పింది.

మొదలుపెట్టినప్పుడు నాది నాలుగో తరగతి, తెలుగు మీడియం. ఆ కామిక్స్ వచ్చేవి హిందీలో. బొమ్మలు చూసి నోరూరడమే తప్ప మాటల బుడగల్లో ఏం రాసి ఉందో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అక్క నాకంటే చాలా పెద్దది, కోఠిలో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదివేది. హిందీ నీళ్ళు తాగినట్టు చదివేది. మాది నారాయణగూడ వైపు ఒక సందులో కిరాయి ఇల్లు. సాయంత్రం అక్క బస్సు దిగి వచ్చి చెప్పులు విప్పకముందే నేను పుస్తకం పట్టుకుని మెట్ల మీద తయారుగా ఉండేదాన్ని.

అక్క హిందీ చూస్తూ తెలుగులో చదివేది. దొంగకు ఒక గొంతు, పోలీసుకు ఒక గొంతు, మా ముసుగోడికి మాత్రం మా బడి హెడ్మాస్టర్ గొంతు. నా పని ఒక్కటే, చదువుతున్న బొమ్మ మీద వేలు పెట్టడం. మొదట్లో అది నా సరదా. నేను వేలు జరిపితే గానీ అక్క ముందుకు కదలదని నాకు మహా గర్వం. ఆ వేలు అక్కకే అవసరమైంది ఎప్పటి నుంచో నాకు తెలియదు. "ఏ బొమ్మ మీదున్నమే?" అని తనే అడగసాగింది.

వాడు కథలోకి వచ్చిన రోజు మాత్రం బాగా గుర్తుంది. బొమ్మ నిండా పసుపుపచ్చని ఎండ. మేడ మీద ముసుగోడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అక్క చదివింది: "ఊరంత చీకటైంది. ముసుగోనికి పక్కన ఏమున్నదో కనబడ్తలేదు."

"అక్కా, బొమ్మల ఎండ ఉన్నది గద?"

"గది నీకు కనబడే ఎండ. ఆయనకు లేదు."

"ఎవడు జేసిండు చీకటి?"

అక్క పేజీ అంచును వేలితో తడిమింది. తర్వాత, "అంచులు మింగేటోడు," అంది.

వాడు మామూలు విలన్ కాదు. వాడికి బాంబులు లేవు, కోట లేదు, వికటాట్టహాసం అసలే లేదు. చప్పుడు చేయకుండా లోకాన్ని అంచుల నుంచి మింగుతూ వస్తాడు. ముందు గోడల చివర్లు పోతాయి. తర్వాత పక్కన నడిచేవాళ్ళు పోతారు. ఆఖరికి ఎదురుగా ఉన్నది కొంచెం మిగులుతుంది, కొన్నాళ్ళకు అదీ ఉండదు. నొప్పి మాత్రం ఉండదట. అన్నిటికన్నా ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది. నొప్పి పెట్టని దొంగను ఎవరు పట్టుకుంటారు?

వాడి బొమ్మ కోసం పేజీలన్నీ తిరగేశాను. లేదు. తర్వాత తెచ్చిన కామిక్‌లోనూ అక్క వాడి గురించి చదివింది, అందులోనూ బొమ్మ లేదు. షాపాయన్ను అడిగాను. దుమ్ము దులుపుతున్న గుడ్డ ఆపి, "గసొంటోడు ఏ బుక్కుల లేడు బిడ్డా. నాకు తెల్వకుంట ఎట్లుంటడు?" అన్నాడు. నాకు ఆయన మీద అనుమానం వచ్చింది గానీ అక్క మీద రాలేదు. అక్క చదివిందంటే ఉన్నట్టే. బొమ్మల్లో లేడంటే బొమ్మలు లేని చోట ఉన్నాడన్నమాట. బొమ్మకూ బొమ్మకూ మధ్య సన్నటి తెల్ల ఖాళీ ఉంటుంది చూశారా, వాడు అక్కడున్నాడని తేల్చుకున్నాను. ప్రతి పేజీలో, ప్రతి బొమ్మ చుట్టూ ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆ తెలుపు మీద వేలు పడనిచ్చేదాన్ని కాదు. ఒక బొమ్మ మీది నుంచి ఎత్తి ఇంకో బొమ్మ మీద పెట్టేదాన్ని.

కొన్నాళ్ళకు వాడు ఇంట్లోకి వచ్చాడు. అక్క పక్కన మంచినీళ్ళ గ్లాసు పెడితే చెయ్యి తగిలి దొర్లిపోయేది. గుమ్మం దాటితే భుజం చెక్కకు కొట్టుకునేది. కూరగాయల మార్కెట్లో ఎదురొచ్చే మనుషులను చక్కగా తప్పుకునేది, పక్క నుంచి వచ్చే సైకిలును మాత్రం తప్పుకునేది కాదు.

"చూసి నడువరాదే! మనసు ఏడ వెట్టినవ్?" అని అమ్మ కసిరేది.

"ఏడనో వెట్టి మర్చిపోయిన. నువ్వన్న జర ఎతుకమ్మా," అని అక్క నవ్వేది.

నారాయణగూడ చౌరస్తా దాటేటప్పుడు నా చెయ్యి వేళ్ళు నొప్పి పుట్టేలా పట్టుకునేది. పెద్దది కాబట్టి నన్ను దాటిస్తోంది అనుకున్నాను. ఇంట్లో అందరూ అక్కకు పరధ్యానం ఎక్కువైందనుకున్నారు. నాకు మాత్రం వాడే గుర్తొచ్చేవాడు. గోడల చివర్లు పోయాయి, పక్కన నడిచేవాళ్ళు పోయారు. కథలో చదివిన వరసలోనే జరుగుతోంది.

ఒక వానాకాలం సాయంత్రం, ఇంకా మంచి వెలుతురు ఉండగానే, మెట్ల మీద అక్క ఎడమ పక్కన కూర్చున్నాను. ఆ పేజీ మొత్తం ఒకటే పెద్ద బొమ్మ, నా వేలితో పని లేదు. అక్క పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని చదువుతోంది. నాకు ఏం బుద్ధి పుట్టిందో, మెల్లగా లేచి, వెనక నుంచి వెళ్ళి కుడి పక్కన కూర్చున్నాను. అక్క చదువుతూనే ఉంది. చెవి దగ్గర చెయ్యి ఊపాను. నాలుక బయటపెట్టి వెక్కిరించాను. రెప్ప కూడా కదల్లేదు.

"వాడు బాగ దగ్గరికొచ్చిండు," అని చదివింది అక్క. "భయపడకు. నేను పక్కనే ఉన్న గద." కళ్ళు పుస్తకం మీదే ఉంచి, ఎడమ చెయ్యి చాపి నా తల నిమరబోయింది. అక్కడ నేను లేను. ఆ చెయ్యి సరిగ్గా నా తల ఉండాల్సినంత ఎత్తులో ఉత్త గాలిని ఒకసారి నిమిరింది. తర్వాత ఆగింది. తర్వాత తడుముకోసాగింది.

"ఏడున్నవే?" అంది. ఆ గొంతు ఏ పాత్రదీ కాదు.

నేను పెద్దగా అరిచి ఇంట్లోకి పరిగెత్తాను. అమ్మ బియ్యం ఏరుతోంది.

"అమ్మా, అక్కను అంచులు మింగేటోడు వట్టుకున్నడు! నేను పక్కకు కూసుంటె అక్కకు కనబడ్తలేను!"

"ఇద్దరి బుక్కులు పొయ్యిల వెడ్త," అంది అమ్మ. కానీ నా ముఖం చూసి చేతిలో చాటతోనే బయటికి వచ్చింది. వచ్చి, ఏమీ మాట్లాడకుండా అక్క కుడి భుజం పక్కన నిలబడింది. అక్క సందు వైపు చూస్తూ కూర్చుంది. లోపలి నుంచి తిట్లు వస్తాయని కాబోలు, కాసేపు చూసి, "అమ్మా, ఇంట్లనే ఉన్నవా? కోపమొచ్చిందా?" అని పిలిచింది. అమ్మ చేతిలో చాట ఒరిగి బియ్యం మెట్ల మీద చిందాయి.

ఆ చప్పుడుకు అక్క ఇటు తిరిగి అమ్మను చూసింది. ఇక దాచలేకపోయింది. "ఆఖరు సంవత్సరం అమ్మా. చెప్తె కాలేజీ బంద్ వెట్టిస్తరని భయమైంది. ఎవ్వరికి చెప్పకుంటనేమో పానం ఆగకపాయె. అందుకే దీనికి కథ లెక్క చెప్పిన," అని నన్ను చూపించింది.

కళ్ళ దవాఖానాలో డాక్టరు, అది నీటికాసులనీ, కంటి లోపల ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బ తింటుందనీ చెప్పాడు. ముసలివాళ్ళకే ఎక్కువ, అరుదుగా వయసులో ఉన్నవాళ్ళకూ వస్తుందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలుపుకోవచ్చు, ఇంకొంచెం ఆలస్యమైతే అదీ ఉండేది కాదన్నాడు. "నొప్పి ఉండదమ్మా, అందుకే ఎవరికీ తెలియదు," అని ఆయన అన్నప్పుడు నేను అమ్మ కొంగు వెనక్కు దూరాను. అవే మాటలు నేను మెట్ల మీద విన్నాను. లేస్తుంటే ఆయన నా వైపు చూసి, తోబుట్టువులకూ వచ్చే వీలుంది కాబట్టి చిన్నదానికీ ఏటా పరీక్ష చేయించమన్నాడు.

అక్కకు ఆపరేషన్ అయింది. రోజూ చుక్కల మందు వేసేది అమ్మ. కాలేజీ ఎందుకు బంద్ పెట్టిస్తానని అమ్మే ఎదురు తిట్టింది. బస్సు ఎక్కించడం, దింపుకోవడం నా వంతు అయ్యాయి. అక్క డిగ్రీ పూర్తయింది.

ఆరో తరగతిలో నాకు హిందీ వచ్చింది. ఒక రోజు అక్క చదువుతుంటే నేనూ బుడగల్లోని అక్షరాలు కూడబలుక్కుంటూ వెంట వెళ్ళాను. అక్క ఉన్నది ఉన్నట్టు చదివింది. ఎండ ఉంటే ఎండ అంది. విలన్ ఎవడో టోపీ పెట్టుకున్న బంగారం దొంగ. కథ అయిపోయాక అడిగాను.

"అక్కా, వాడేడి? పోయిండా?"

"పోలేదే. ఆగిండు," అంది అక్క.

మర్నాడు ఆ కామిక్ షాపులో ఇచ్చేసి మళ్ళీ ఇంకోటి తెచ్చుకోలేదు. వాడు కథలో ఉన్నంత కాలం ముసుగోడు ఎప్పటికైనా పట్టుకుంటాడని ఆశ ఉండేది. కథలో లేడంటే వాణ్ని పట్టుకునేవాడు ఎవడూ లేడు. నేను మానేసింది అప్పుడే, అందుకే. షాపు మెట్ల మీద కూర్చుని నవ్వుతున్న ఆ అన్నలకు ఇదంతా ఎలా చెప్పను?

ఆ ఆదివారం గుట్టలోంచి ఒక కామిక్ అక్క కోసం తీసుకెళ్ళాను. అక్కకు ఇప్పుడు ఒకసారికి ఒక్క బొమ్మే కనబడుతుంది. "మీకు పేజీ తిప్పంగనే ఆఖరు బొమ్మ ఏందో తెలిసిపోతది. నాకు తెల్వదు. అసలు మజా నాదే," అని నన్ను ఉడికించింది.

ఆ వారమే నా ఏటి పరీక్ష పడింది. చీకటి గదిలో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి. పక్కల ఎక్కడో చిన్న దీపం మినుక్కుమంటుంది. కనబడితే బటన్ నొక్కాలి. దీపానికీ దీపానికీ మధ్య ఏమీ ఉండదు. ఒక్కోసారి ఆ ఖాళీ మరీ పొడుగ్గా సాగుతుంది. దీపం ఇంకా వెలగలేదా, వెలిగి ఆరిపోయినా నాకు కనబడలేదా? తెలుసుకునే దారి లేదు. ఈసారి పరీక్ష చేసే ఆమె కాగితం చూసి, "కుడి కన్ను ఇంకోసారి చేద్దాం," అంది.

రెండోసారీ అయ్యాక బయటికి వచ్చాను. అక్క బెంచీ మీద కూర్చుని ఉంది.

"వాడు కనబడ్డడా?" అంది, ఎప్పటిలాగే నవ్వుతూ.

"మళ్ళ జేసిన్రు అక్కా," అన్నాను.

అక్క నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది, చౌరస్తా దాటేటప్పటిలాగే, వేళ్ళు నొప్పి పుట్టేలా. డాక్టరు పిలిచి, మొదటిసారి నేను చూపు నడిమి చుక్క మీద నిలపలేదేమోననీ, ఈ ఏడాదికి ఏమీ లేదనీ చెప్పాడు. తన కళ్ళ గురించి మా ముందు ఒక్కనాడూ ఏడవని మనిషి, నా కళ్ళు బాగున్నాయంటే ఆ వరండాలో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఆమెకు ఎదురుగా వెళ్ళి, కనబడే చోట నిలబడ్డాను. వచ్చే ఏడు మళ్ళీ రావాలి.