మూల మడిచిన వాగ్దానం

ఆ రోజుల్లో మా సంఘంలో దేవుడు మాట్లాడని మనిషంటూ ఉండేవాడు కాదు. సైకిలు కొనాలన్నా, అల్లుణ్ణి పండక్కి పిలవాలన్నా, తప్పిపోయిన కోడిపెట్టను ఎటువైపు వెతకాలన్నా ముందు మోకాళ్ళేసి అడిగేవాళ్ళు. ఆయన చెప్పేవాడు, వీళ్ళు వెళ్ళేవాళ్ళు. (కోడిపెట్ట రెండుసార్లు దొరికింది. మూడోసారి ఈకలు మాత్రమే దొరికాయి, అవీ పక్కింటి పెరట్లో. అదీ దేవుడు చూపించిందే అన్నారు.) బూర్గంపాడు అవతల అడవి అంచున ఉన్న ఆ ఊరికి ఇరవై రెండేళ్ళ వయసులో టీచరుగా వెళ్ళిన నాకు వాళ్ళను చూస్తే కుళ్ళుగా ఉండేది. ఎందుకంటే ఆయన నాతో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. అయినా మాట్లాడాడని చెప్పేశాను. నా తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

చేరిన మొదటి ఆదివారమే అయ్యగారు (పాస్టరుగారిని అందరం అలాగే పిలిచేవాళ్ళం) "కొత్త టీచరమ్మ రెండు మాటలు సాక్ష్యం చెప్తది" అన్నారు. (దేవుడు తనకేం చేశాడో సంఘం ముందు లేచి చెప్పడమే సాక్ష్యం.) నేను లేచి, సత్తుపల్లిలో మా నాన్న నేర్పిన పద్ధతిలో గొంతు సవరించుకుని, "దేవుడే నన్ను పేరు పెట్టి పిలిచి ఈ అడవికి పంపించాడు" అన్నాను. నిజానికి పంపించింది పోస్టింగు ఆర్డరు. ఆ కాగితం చూసి మూడు రోజులు అన్నం మానేసి ఏడ్చిన సంగతి వాళ్ళకేం తెలుసు? ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఆ ఒక్క మాటకు నన్ను సండే స్కూలుకు పెద్దను చేశారు, తర్వాత యౌవనస్థులకు నాయకురాలిని చేశారు. అమ్మగారైతే, అంటే అయ్యగారి భార్య, నాకు మలేరియా వచ్చినప్పుడు పదిహేను రోజులు గంజి కాచి తాగించి, "దేవుడు తోలిన బిడ్డ, దీనికేమన్నయితే ఆయనకేం జవాబు చెప్పాలె?" అని ఊరంతా చెప్పుకుంది.

తొమ్మిది నెలలు గడిచేసరికి నా వల్ల కాలేదు. రోజుకొక్క బస్సు, అదీ వస్తే. ట్రంకుపెట్టె తెరిస్తే చీరల మధ్య పాముకుబుసం. మా నాన్న ఎవరి కాళ్ళో పట్టుకుని సత్తుపల్లి దగ్గరికి బదిలీ కుదిర్చి, "కాగితం మీద సంతకం పెట్టి పంపు, చాలు" అని ఉత్తరం రాశాడు. సంతకం ఎంతసేపు? కానీ దేవుడు పేరు పెట్టి పిలిచి పంపిన మనిషిని, పాముకుబుసానికి భయపడి పోతున్నానని అమ్మగారి మొహం చూసి ఎలా చెప్పను? పంపిన దేవుడే వెనక్కి పిలవాలి. ఆయనేమో పలకడు.

మా సంఘాల్లో ఓ ఆచారం ఉంది. కొత్త సంవత్సరం మొదటిరోజు ఆరాధనలో బైబిలు మాటలు రాసిన చిన్న చిన్న కార్డుల్ని పళ్ళెంలో పోసి తిప్పుతారు. ఎవరికి వాళ్ళు కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. అందులో ఉన్నది ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన వాగ్దానం. ఇళ్ళలో దాన్ని గోడకు అంటిస్తారు, దాన్ని బట్టే పెళ్ళిళ్ళూ ప్రయాణాలూ నిర్ణయిస్తారు. అచ్చువేసిన కార్డులు ఏటా పట్నం నుంచి పార్సిల్లో వచ్చేవి. ఆ ఏడు పార్సిలు రాలేదు. "టీచరమ్మా, నీ చేతిరాత ముత్యాల్లెక్క ఉంటది. నువ్వే రాయి బిడ్డా" అని అయ్యగారు నాకు అప్పగించారు. పిల్లి చేతికి పాలకుండ అప్పగించారని పాపం ఆయనకు తెలియదు.

డ్రాయింగు అట్టలు కత్తిరించి కూర్చున్నాను. మొదట బుద్ధిగా దీవెనలూ ఓదార్పులూ రాశాను. నాకు నోటికొచ్చినవి అయిపోయాక బైబిలు మొదటి పేజీల నుంచి తోచినవల్లా ఎక్కించాను. అలా రాస్తూ అబ్రాహాము దగ్గరికి వచ్చాను. ఉన్న ఊరినీ బంధువులనూ విడిచిపెట్టి, నేను చూపించే చోటికి బయలుదేరమని దేవుడు ఆయనతో అన్న మాట దగ్గర నా కలం ఆగిపోయింది. అది నా మాట! ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక కార్డు మీద రాసి, కుడివైపు మూల గోరంత మడిచాను. పళ్ళెం పట్టుకునేది నేనే. ఆ కార్డు అంచుకు పెట్టి, బొటనవేలితో నొక్కి ఉంచి, నా వంతు రాగానే లాగేస్తే సరి. సాక్ష్యం కూడా తయారు చేసుకున్నాను, ఎక్కడ గొంతు వణకాలో గుర్తు పెట్టుకుని మరీ.

తెల్లారి చాపల మీద సంఘమంతా కూర్చుంది. ప్రతి ఏడూ అందరి తర్వాత తీసుకునే అయ్యగారు ఆ రోజెందుకో "బిడ్డ కష్టపడి రాసింది, ఈసారి మొదట నేనే తీస్త" అంటూ గబుక్కున లేచి వచ్చారు. రెండు చేతులతో పళ్ళెం ముందుకు చాపేసరికి నా బొటనవేలు జారింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. చేయి పెట్టారు. మడిచిన మూల ఆయన వేలికే తగిలింది.

"అది కాదయ్యగారూ, ఇంకోటి తీసుకోండి" అని నాలుక చివరిదాకా వచ్చింది. వాగ్దానం మార్చుకోమని ఎవరైనా చెప్తారా? ఆయన లోలోపల చదువుకుని, ఎవరో తోసినట్టు చాప మీద కూలబడ్డారు. తర్వాత పైకి చదివారు. పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉండి, పోయినేడే ఇంటికి పెంకు నేయించుకుని, పెరట్లో చిక్కుడు పందిరి వేసుకున్న అమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఎవరికేం వచ్చిందో నాకు సగం తెలియదు. కొత్తగూడెం బొగ్గుబాయిలో పనిచేసి వచ్చిన బాయి తాతకు మాత్రం, సంతానం ఇసుక రేణువులంత అవుతుందన్న వాగ్దానం వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, భార్య పోయి పన్నెండేళ్ళు. "ఈ వయసుల నాకెందుకు ప్రభువా గీ పరీచ్ఛ!" అని ఆయన నిజంగానే బెదిరిపోయాడు. చివరికి పళ్ళెంలో నాకు మిగిలిన కార్డు తీసి చూస్తే, దానిమీద ఏమీ లేదు. తొందరలో ఒక అట్టముక్క ఎక్కువ కత్తిరించినట్టున్నాను. "చదువు బిడ్డా" అన్నారెవరో. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దేవుడు టీచరమ్మను ఎంతగా తాకాడో చూడండని సంఘమంతా చప్పట్లు కొట్టింది.

మధ్యాహ్నం పరుగున అయ్యగారింటికి వెళ్ళాను. అప్పటికే ఆయన పుస్తకాలు పెట్టెలో సర్దుతున్నారు. అమ్మగారు పొయ్యి ముందు అటు తిరిగి కూర్చుంది. గుమ్మంలోనే నిలబడి అంతా కక్కేశాను: పోస్టింగు ఆర్డరు, పాముకుబుసం, మా నాన్న ఉత్తరం, మూల మడత. "అది దేవుడి మాట కాదయ్యగారూ, నా దొంగతనం. మీరు వెళ్ళొద్దు."

ఆయన కార్డు తీసి మూల చూసుకున్నారు. "నువ్వు మడిచినవా? చెద కొట్టిందేమో అనుకున్న" అని పకపకా నవ్వారు. నాకు మతిపోయింది. తిడతారనుకున్నాను, వెలేస్తారనుకున్నాను, నవ్వుతారని అనుకోలేదు. "బిడ్డా, గీ మాట నాకు మూడేండ్ల సంది వినపడుతనే ఉంది. పర్ణశాల అవతల లోపలి గూడెంల మన విశ్వాసులు ఆరిండ్లోళ్ళు ఉన్నరు. ఏటా క్రిస్మసుకు రెండు రోజులు నడిచొస్తరు. మా కాడికి ఎప్పుడొస్తవయ్యా అని అడుగుతరు. ప్రార్థన జేసి చెప్త అంటున్న. జవాబు తెలిసినంక గూడ అడిగేది ప్రార్థన గాదు, తప్పించుకునుడు. పెంకుటిల్లు ఇడిసిపెట్ట బుద్ధి గాక తప్పించుకున్న."

"కానీ రాసింది నేను కదా" అన్నాను.

"గాడిదతోని మాట్లాడిచ్చినోనికి నీ చేతిరాత ఒక లెక్కనా?" (పూర్వం దారి తప్పిన ఒక ప్రవక్తకు దేవుడు ఆయన గాడిద నోటితోనే బుద్ధి చెప్పించాడు. ఆ కథ సండే స్కూల్లో నేనే చెప్పేదాన్ని. అందులో నాకు దక్కే పాత్ర ఇదని మాత్రం ఊహించలేదు.)

పొయ్యి దగ్గరి నుంచి అమ్మగారి గొంతు వచ్చింది. "గాడిద సంగతి సరే, నా బర్రె సంగతేంది?"

బర్రె నిండు చూలుతో ఉంది. బస్సెక్కించలేరు, అంత దూరం నడిపించలేరు. అమ్మగారు లేచి పెరట్లోకి వెళ్ళి, తాడు విప్పుకొచ్చి నా చేతిలో పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రాసింది నువ్వే గదా. పట్టుకో. ఈనేదాక మంచిగ చూస్కో" అంది. కోపంగా అందో, ప్రేమగా అందో ఇప్పటికీ తెలియదు. ఆ తాడు పట్టుకుని నేను వెక్కివెక్కి ఏడ్చాను. బర్రె నన్ను ఎగాదిగా చూసింది.

పదో రోజున భద్రాచలం బస్సెక్కుతున్న అయ్యగారిని ఆపి ఖాళీ కార్డు చూపించాను. "నాతో ఎందుకు మాట్లాడడు అయ్యగారూ?"

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఆయన మాట గూడ నువ్వే చెప్పబడితివి. ఇగ ఆయనెప్పుడు మాట్లాడాలె? జర ఊకో బిడ్డా" అని కార్డు నా చేతిలో పెట్టి ఎక్కేశారు.

బర్రె ఈనాక వెళదామనుకున్నాను. దూడ బక్కగా పుట్టింది. దూడ నిలదొక్కుకునేసరికి బడి పిల్లల పరీక్షలు. కొత్త అయ్యగారు వచ్చేదాకా ఆదివారాలు ఎవరు నడపాలంటే అందరూ నా వైపే చూశారు. మా నాన్న పంపిన కాగితం సంతకం లేకుండానే పెట్టె అడుగున పసుపు రంగుకు తిరిగింది. ఏ స్వరమూ వినపడలేదు, ఏ కలా రాలేదు. పొద్దున లేస్తే చేయడానికి ఏదో పని ఉండేది, చేసేదాన్ని. అలా పదకొండేళ్ళు గడిచాయి.

పెళ్ళయి ఊరు విడిచే ముందు ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. గూడెం నుంచి అయ్యగారూ అమ్మగారూ కూడా వచ్చారు. లేచాను. అలవాటుగా గొంతు సవరించుకున్నాను. దేవుడే నన్ను పేరు పెట్టి పిలిచి ఈ అడవికి పంపించాడని చెప్పబోయాను. మొదటి ఆదివారం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఇప్పుడు నిజంగా నమ్మాక నోట్లోంచి రాలేదు. కాసేపు నిలబడి కూర్చున్నాను. ముందు వరసలోంచి అమ్మగారు పక్కావిడతో "అవ్, ఇప్పుడు మంచిగ చెప్పింది" అనడం నాకు వినపడింది.

ఆ ఖాళీ కార్డు ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. ప్రతి కొత్త సంవత్సరం పళ్ళెం నా ముందుకు వచ్చినప్పుడు, కళ్ళు మూసుకునే ముందు ఏ కార్డుకైనా మూల మడత ఉందేమోనని ఒకసారి చూసుకుంటాను. నా చూపు ఎటు పోతోందో మా ఆయనకు తెలుసు, పక్కనుంచి మోచేత్తో పొడుస్తాడు. నవ్వాపుకుని కళ్ళు మూసుకుంటాను.