మాడిన నూనె

ఇవ్వడానికి మేలైనదేదీ చేతిలో లేనప్పుడు, చెడ్డదాన్ని వద్దనే హక్కు మనకుంటుందా? మద్రాసులో బి.ఏ. చదివిన నాటి నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. ఈ రోజు అది మార్కాపురంలో మా పెరట్లోకే వచ్చింది.

పొద్దున మావారు మోటారు సైకిలు ఇంజను కింది మర విప్పి, మాడిన నూనెను పళ్ళెంలోకి దించారు. నేను పక్కనే కూర్చుని వడపోత జాలీని కిరసనాయిలులో కడుగుతున్నాను. అంతలో మా వీధి వెనక ఉండే కూలి మనిషి మరియమ్మ ఖాళీ డబ్బాతో వచ్చి నిలబడింది.

"ఆ నల్లనూనె పారబోస్తారా అమ్మా? పిల్లకు ఒళ్ళంతా గజ్జి. పూస్తే తగ్గుతాదంట."

"అది విషం మరియమ్మా. పసిదాని చర్మం కాలిపోతుంది. ఆస్పత్రికి పో."

"పోయినా. యుద్ధం గదా, మందు రాలేదంట. ఇంగ యాడికి పోవాల్నో అదీ నువ్వే చెప్పు."

మావారు చెయ్యి చాచి నా దగ్గర జాలీ అందుకున్నారు. మరియమ్మే గొంతు తగ్గించి, "సరే, బండి ఇరుసుకని ఇయ్యమ్మా" అంది.

ఆమెకు బండి లేదు. లేదని నాకు తెలుసన్న సంగతి ఆమెకూ తెలుసు. అయినా సగం డబ్బా పోశాను.

కొత్త నూనెతో మోటారు సైకిలు మాత్రం హాయిగా పలుకుతోంది. మీరైతే పోసేవారా? జాలిపడి పోశానో, ఆమె నా కళ్ళముందు నుంచి వెళ్ళిపోతే చాలని పోశానో, చీకటిపడినా నేను తేల్చుకోలేకున్నాను.