ఆమేన్‌కి ఎనిమిది నిమిషాల ముందు

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి ఎనిమిది పౌండ్ల బీఫ్ కీమా పొయ్యి మీద పెట్టాను. రెండు పెద్ద మూకుళ్ళు, ఒక్కోదానిలో నాలుగు పౌండ్లు. నా భార్య పోయి ఆ రోజుకు ఏడాది. సాయంత్రం అయిదింటికి మా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. ముప్ఫై అయిదు మంది వస్తామన్నారు. వాళ్ళకు నాచోస్ పెట్టాలని నెల ముందే నిర్ణయించుకున్నాను.

నాచోస్ కష్టమైన వంట కాదు. మొక్కజొన్న చిప్స్ మీద వేయించిన కీమా, ఉడికిన బీన్స్, తురిమిన చీజ్ పరిచి ఓవెన్‌లో పెట్టాలి. చీజ్ కరిగాక తీసి, పైన టమాటా, ఉల్లిపాయ, కొత్తిమీర, పుల్లటి క్రీమ్ వేయాలి. అంతే. కాకపోతే అది ఎవరికోసమూ ఆగే తిండి కాదు. తీసిన పది నిమిషాల్లో తినాలి. ఆ తర్వాత చిప్స్ నానిపోతాయి.

కెనడాలోని హామిల్టన్‌లో మా కూడిక చిన్నది. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు పది దాకా, కాలేజీల్లో చదువుకునే పిల్లలు కొందరు. నెలలో చివరి శనివారం కలుస్తాం, ఎక్కువగా మా ఇంట్లోనే. మొదట్లో అందరిలాగే మేమూ బిర్యానీ పెట్టేవాళ్ళం. ఇక్కడే పుట్టిన పిల్లలు రెండు ముద్దలు తిని, ప్లేటు పట్టుకుని బేస్‌మెంట్‌లోకి పోయేవారు. నా భార్య హాస్పిటల్ కిచెన్‌లో పనిచేసేది. అక్కడ తనతో పనిచేసే ఒకావిడ దగ్గర నాచోస్ నేర్చుకుని ఒక శనివారం చేసింది. ట్రే చుట్టూ నిలబడి అందరూ అందులోనే చేతులు పెట్టి తినాలి కాబట్టి ఆ రోజు ఎవరూ కిందికి పోలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు చివరి శనివారం అదే చేసింది.

మా ఊళ్ళో బీఫ్‌ను పెద్దకూర అనేవాళ్ళం. ఇంట్లో తినేవాళ్ళం, బయట దాని మాట ఎత్తేవాళ్ళం కాదు. ఇక్కడికి వచ్చాక కూడా నాకు ఆ అలవాటు పోలేదు. కూడికకు కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేం మాంసమని అడిగితే కీమా అని ఊరుకునేవాణ్ణి. ఆవిడ మాత్రం బీఫ్ అని చెప్పేది. తినని వాళ్ళకు బీన్స్‌తో వేరే ట్రే చేసి, బల్ల ఆ చివర పెట్టేది. చెప్పవలసిన మాటలు మా ఇంట్లో ఆవిడే చెప్పేది.

నాచోస్ సంగతి తెలిసి, ఆవిడ స్నేహితురాలొకరు ఫోన్ చేశారు.

"జ్ఞాపకార్థ కూడికకి చిప్సా అన్నయ్యగారూ? మీరు అలిసిపోతారు, వదిలెయ్యండి. స్కార్‌బరో నుంచి బిర్యానీ తెప్పిస్తాను."

"వద్దమ్మా. నేను చేస్తాను."

"మీరా? అన్నయ్యగారూ, మీరు టీ పెడితే వదిన పారబోసేది. జనం ఏమనుకుంటారు?"

"తిన్నాక అనుకుంటారులే."

"సర్లెండి, పెరుగు చట్నీ అయినా తెస్తాను," అన్నారు. దానికి కూడా వద్దనే చెప్పాను.

నాకు పట్టుదల ఎందుకంటే, భూస్థాపన రోజు నా భార్య గురించి చాలా మాటలు విన్నాను. దేవదూత అన్నారు, దీపం అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆ మాటల్లో నాకు ఆవిడ కనబడలేదు. ఎవరికైనా సరిపోయే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు. అందుకని ఆవిడ చేసిన పని ఒకటి, ఆవిడ చేసినట్టే, వచ్చినవాళ్ళ ముందు పెట్టాలనుకున్నాను. చిప్స్ మెత్తబడితే అది ఆవిడ చేసింది అవదు. ఆ ఒక్క విషయంలో నాకు రాజీ లేదు.

మొదటిసారి చేసి చూసినప్పుడు నానిన అప్పడంలా వచ్చింది. రెండోసారీ అంతే. మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి వీడియో కాల్ చేసి ట్రే చూపించాను.

"నాన్నా, ఇట్స్ సూప్," అంది.

"ఎక్కడ తప్పు?"

"కీమాలో నీళ్ళు వంచావా? మామ్ జల్లెడలో వేసి పెట్టేది. అండ్ చీజ్ ఫస్ట్. చిప్స్ మీద ముందు చీజ్, దెన్ బీఫ్, మళ్ళీ చీజ్. అప్పుడు తడి కిందికి దిగదు."

రాసుకున్నాను. ప్యాకెట్‌లో తురిమి అమ్మే చీజ్ సరిగా కరగదని, దిమ్మ కొని ఇంట్లో తురమాలని కూడా చెప్పింది. నాలుగు వందల డిగ్రీల ఫారన్‌హీట్, ఎనిమిది నిమిషాలు. మూడోసారి బాగానే వచ్చింది.

"వచ్చేసింది. ఇంక ఆ రోజు ఇలాగే పెడతాను," అన్నాను.

"ఎప్పుడు పెడతావు ఓవెన్‌లో?"

"ప్రార్థన మొదలవగానే."

మా అమ్మాయి నవ్వింది. "అంకుల్ ప్రేయర్ ట్వెంటీ మినిట్స్, నాన్నా."

అంకుల్ అంటే మా కూడికలో పెద్దాయన. డెబ్బై దాటాయి. భోజనానికి ముందు అందరం బల్ల చుట్టూ నిలబడితే ఆయన ప్రార్థన చేస్తారు, ఆమేన్ అనగానే తింటాం. అది మా పద్ధతి. ఆయన ప్రార్థనకు ఒక వరస ఉంటుంది. ముందు స్తుతి, తర్వాత జబ్బుగా ఉన్నవాళ్ళు, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేస్తూ చదువుకునే బిడ్డలు, ఇక్కడ శాశ్వత నివాసానికి పెట్టుకున్న పీఆర్ ఫైళ్ళు ఇంకా తేలనివాళ్ళు, మంచులో హైవేల మీద ప్రయాణం చేసేవాళ్ళు, చివరికి ఈ ఆహారాన్ని సిద్ధపరచిన చేతులు. ఆ తర్వాత ఆమేన్.

"మామ్ వాచ్ చూసేది కాదు," అంది అమ్మాయి. "కిచెన్‌లో నిలబడి వినేది. పీఆర్ ఫైల్స్ అనగానే ట్రే ఇన్. చేతులు అనగానే అవుట్. ఎవ్రీ మంత్. యు డిడ్ నాట్ నో?"

నాకు తెలియదు. నేను బల్ల దగ్గర కళ్ళు మూసుకుని నిలబడేవాణ్ణి.

"షి ఆస్క్‌డ్ యు, నాన్నా. అంకుల్‌కి చెప్పమని. ప్రేయర్ ముందే చేసుకుని, తర్వాత ట్రే ఓవెన్‌లో పెడదామని."

అది మాత్రం నాకు తెలుసు. ఒకసారి కాదు, చాలాసార్లు అడిగింది. నీకంటే పెద్దాయనే అయినా నువ్వు చెబితే వింటాడు, నేను చెబితే బాగుండదు అంది. ఆవిడ నన్ను చెప్పమన్న మాట అదొక్కటే. ఆయన నొచ్చుకుంటారని చెప్పలేదు. చెబుతాలే, చెబుతాలే అని పదకొండేళ్ళు గడిపాను.

కూడిక రోజు మధ్యాహ్నానికే అమ్మాయి వచ్చింది. ఉల్లిపాయలు, టమాటాలు ఇద్దరం తరిగాం. నాలుగు ట్రేలు సిద్ధం చేశాం. మూడు బీఫ్, ఒకటి బీన్స్. మా ఓవెన్‌లో ఒకసారికి రెండే పడతాయి. అయిదింటికి జనం వచ్చారు. పాటలు పాడారు, వాక్యం చదివారు, నలుగురు ఆవిడ గురించి మాట్లాడారు. ఆరున్నరకు అందరూ ఖాళీ బల్ల చుట్టూ నిలబడ్డారు. మూడు ట్రేల్లో బీఫ్ ఉందని, నాలుగోదాంట్లో బీన్స్ మాత్రమేనని ముందే చెప్పాను. తర్వాత నేను వంటింట్లోకి వెళ్ళి ఓవెన్ దగ్గర నిలబడ్డాను. పెద్దాయన మొదలుపెట్టారు.

స్తుతి అయింది. జబ్బుగా ఉన్నవాళ్ళు అయ్యారు. "పీఆర్ ఫైళ్ళు ఆగిపోయిన మీ బిడ్డలను జ్ఞాపకం చేసుకోండి తండ్రీ," అన్నారు. రెండు ట్రేలు లోపలికి తోశాను. మంచు, హైవేలు వచ్చాయి. నేను గ్లవ్స్ తొడుక్కున్నాను.

"ఈ ఆహారాన్ని సిద్ధపరచిన చేతులను," అని ఆయన ఆగిపోయారు.

పదకొండేళ్ళు ఆ మాట ఒకే మనిషి గురించి అన్నారు. తర్వాత ఆవిడ గురించి మొదలుపెట్టారు. ఆ చేతులు ముత్యాల వంటివి తండ్రీ అన్నారు. ఆ చేతులు అలుపెరగని రెక్కల వంటివి అన్నారు. హాల్లో ఎవరో ఏడుస్తున్నారు. ఓవెన్ అద్దంలోంచి చూస్తే చీజ్ అంచుల్లో గోధుమరంగు తిరుగుతోంది. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన నిజంగానే బాధపడుతున్నారు. కానీ ఆ మాటలు అంత తొందరగా ముగిసేవి కావు.

అమ్మాయి నా వైపు చూసింది. "నాన్నా, ఇట్స్ బర్నింగ్."

ఓవెన్ తలుపు తెరిచాను. ఇనుప చట్రం గట్టిగా చప్పుడు చేసింది. ఒక ట్రే నేను, ఒకటి అమ్మాయి పట్టుకుని, ప్రార్థన జరుగుతుండగానే హాల్లోకి తెచ్చి బల్ల మీద పెట్టాం. అందరూ కళ్ళు తెరిచారు. పెద్దాయన కూడా తెరిచారు.

"ఈ చేతులు నావి అన్నయ్యగారూ," అన్నాను. "ముందు తినండి. చల్లారితే పనికిరాదు."

ఆయన ట్రే వైపు చూశారు, నా గ్లవ్స్ వైపు చూశారు.

"ఆమేన్ అయినా అననివ్వరా?"

"అనండి."

"ఆమేన్," అని ఆయనే ముందు చెయ్యి పెట్టారు. చీజ్ ఆయన గడ్డం దాకా సాగింది. పిల్లలు నవ్వారు. ఆయన నమిలారు. కరకరమన్న చప్పుడు నాకు వినబడింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఒక మూల మాడింది. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒకమ్మాయి ఆ మూల ముందు నిలబడి, "అంకుల్, ఈ సైడు ఎవ్వరికీ ఇయ్యకండి, నాకు మాడిందే ఇష్టం," అంది. బిర్యానీ తెప్పిస్తానన్నావిడ నాలుగుసార్లు చెయ్యి పెట్టి, "ఉప్పు కొంచెం తక్కువైంది అన్నయ్యగారూ," అన్నారు. నిజమే, తక్కువైంది.

అందరూ వెళ్తున్నప్పుడు పెద్దాయన గుమ్మం దగ్గర కోటు వేసుకుంటూ ఆగారు. అప్పుడు చెప్పాను, పీఆర్ ఫైళ్ళ దగ్గర ట్రే లోపలికి పోయే సంగతి.

"పదకొండేళ్ళా?" అన్నారు. "ముందే ముగించమని ఒక మాట అంటే సరిపోయేదిగా."

"అంది. నాతో అంది. నేను మీతో అనలేదు."

ఆయన కోటు బొత్తాలు పైదాకా పెట్టుకున్నారు. తర్వాత, "వచ్చే నెల ప్రార్థన ముందే చేసేద్దాం," అని నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళారు.

అలాగే జరుగుతోంది. ఆమేన్ అన్నాక, గడియారం చూసి ఎనిమిది నిమిషాలు పెడతాం. చిప్స్ ప్రతిసారీ బాగానే వస్తాయి. ప్రార్థన వింటూ వంటింట్లో నిలబడే పని ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ చేయడం లేదు.