ఓడలో నేను, ఉపవాసంలో అక్క

భార్యతో షికారుకు ఓడెక్కుతున్నానని ఇబ్రహీంపట్నంలో నేను చెప్పని మనిషి లేడు. బస్టాండు దగ్గర టీ తాగడానికి వెళ్ళినా ఆ గొప్పలే. మా అక్కకు మాత్రం భయం. సముద్రాన్ని ఆమె టీవీలో తప్ప చూడలేదు. "నీళ్ల మీద గా షికారేందిరా, భూమ్మీద జాగ లేదా?" అని ఒకటే పోరు.

చెన్నైలో ఎక్కిన రెండోనాడు ఓడ మైకులో ఒక కబురు చెప్పారు. ఎక్కడో దూర దేశంలో భూకంపం వచ్చి, సముద్రం ఊళ్ల మీద పడిందట. మాకు ఏ ప్రమాదమూ లేదట. కాసేపు పాటలు ఆపేశారు. తర్వాత పాటలు మళ్ళీ మొదలయ్యాయి. నేనూ పళ్ళెం పట్టుకుని భోజనాల వరుసలో నిలబడ్డాను.

"వదినకు జర ఫోన్ చేయుండ్రి. టీవీల చూస్తే ఫికర్ పడ్తది," అంది నా భార్య. మా సెల్‌ఫోన్లు పనిచేయకపోయినా ఓడలో ఫోన్ ఉంది.

"మనకేమైంది? గది యాడనో అయింది. దిగినంక చేస్తా తియ్," అన్నాను. అక్క ఏడుస్తుంది, నా సరదా చెడుతుంది. అంతకు మించి కారణం లేదు.

ఇంటి దగ్గర అక్క టీవీ చూసింది. ఆమె లెక్కలో సముద్రమంతా ఒకటే. మాకు ఫోన్ కలవకపోయేసరికి పోచమ్మకు మొక్కుకుని, క్షేమమని తెలిసేదాకా ముద్ద ముట్టనంది. అసలే షుగరు మనిషి. ఎవరి మాటా వినలేదు. చివరికి కళ్ళు తిరిగి పడిపోయింది.

ఓడ దిగి ఫోన్ చేస్తే మేనల్లుడు ఎత్తాడు. "అమ్మ దవాఖానల ఉన్నది మామా. ఓడ కంపెనోళ్లను అడిగి నువ్వు మంచిగున్నవని చెప్పినా ఏం తింటలేదు," అన్నాడు.

నేరుగా దవాఖానకే వెళ్ళాను. అక్కకు సెలైన్ ఎక్కుతోంది. నన్ను చూడగానే రెండో చేత్తో నా చెంపలు తడిమింది. నాలుగు రోజులు మెక్కి బలిసిన చెంపలవి. నాకు తల కొట్టేసినట్టయింది. బల్ల మీద ఉన్న జావ గ్లాసు తీశాను.

"వచ్చిన గదక్కా. ఇగ తాగు."

అక్క తల అడ్డంగా ఊపింది. "నీ ఒక్కని కోసమే మొక్కిననా? నీళ్లు మీద పడ్డ గా ఊళ్లోళ్లు ఎట్లున్నరురా? అందరు బతికిన్రా?"

ఆ ఊళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. ఓడలో ఎవరినీ అడగలేదు.

"అందరు మంచిగనే ఉన్నరక్కా," అన్నాను.

అప్పుడు గాని అక్క జావ తాగలేదు.