కెప్టెన్ అనని మాట

రెండేళ్ళుగా మా ఇంట్లో నడిచిన ఒక అబద్ధం నాది. ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. అన్నయ్య కొన్న వీడియో గేమ్‌లో పడవ నడిపే కెప్టెన్, తన దగ్గర పనిచేసే ముసలి మెకానిక్‌ని ఒక్కసారి కూడా "బాబాయ్" అని పిలవలేదు. ఆ పిలుపు నేను కల్పించింది.

నాన్న కొండపల్లి దగ్గర థర్మల్ పవర్ స్టేషన్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ ఏడే మోకాలికి ఆపరేషన్ అయింది. నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. అమ్మ స్కూల్లో టీచరు, అన్నయ్యది బెజవాడలో ఆఫీసు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. నాన్నకీ నాకూ మాటలు తక్కువ. "మందు వేసుకున్నారా?" "వేసుకున్నా." ఆ తర్వాత ఫ్యాను చప్పుడే.

ఒక మధ్యాహ్నం నేను గేమ్ ఆడుకుంటుంటే, దిండు మీద కాలు పెట్టుకుని కూర్చున్న నాన్న అడిగారు.

"ఆ పడవది డీజిల్ ఇంజనామ్మా?"

"ఏమో నాన్నా."

"చప్పుడు చూస్తే డీజిలే. ఏమంటోంది ఆ పిల్ల?"

అందులో ఇంగ్లీషు గబగబా సాగిపోతుంది, తెర కింద పడే అక్షరాలు చిన్నవి. చదివి తెలుగులో చెప్పమన్నారు. పాతికేళ్ళ కెప్టెన్ ఆ మెకానిక్‌ని "ఓల్డ్ మ్యాన్" అని పిలిచింది. "ముసలోడా" అనబోయాను. ఎదురుగా నాన్న కట్టు కట్టిన మోకాలు. "బాబాయ్, ఇంజను చూడండి" అనేశాను. ఒకసారి బాబాయ్ అన్నాక వెనక్కి వెళ్ళడానికి లేదు. "యూ" అన్నదల్లా "మీరు" అయింది. ఆ అమ్మాయి విసుక్కున్నప్పుడు కూడా "అబ్బా, ఉండండి" అనే విసుక్కునేది.

అక్కడితో ఆగినా బాగుండేది. తుఫానులో ఇంజను ఆగిపోతే మెకానిక్ తడుస్తూ బాగుచేసే ఘట్టం ఒకటుంది. ఇంజను అందుకోగానే కెప్టెన్ "ఫైన్. లెట్స్ గో" అంటుంది, అంతే. నేను మాత్రం, "మీ చెయ్యి పడితే గానీ ఇది మాట వినదు బాబాయ్" అని చెప్పాను. చిన్నప్పటినుంచీ నాన్న మా మిక్సీనీ, పక్కింటివాళ్ళ మోటారునీ బాగుచేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. అప్పుడెప్పుడూ నా నోటికి రాని మాట అది.

నాలుగు రోజుల తర్వాత నాన్న మిక్సీ విప్పి ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ బిగించి, అది తిరగగానే దానితోనే అన్నారు, "నా చెయ్యి పడితే గానీ మాట వినవు గదా." నేను వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

ఈ ఏడు ఆ గేమ్‌కి రెండో భాగం వచ్చింది. ఇప్పుడు నేను బెజవాడలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఒక ఆదివారం అమ్మా నేనూ హనుమాన్ జంక్షన్‌లో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి, అన్నయ్య ఆడుతూ నాన్నకి చదివి చెబుతున్నాడు.

"'ఏయ్ ముసలోడా, ఇంజను చూడు' అంటోంది నాన్నా."

చెప్పులు విప్పుతున్నదాన్ని అలాగే ఆగిపోయాను.

"ఎవరూ?" అన్నారు నాన్న.

"కెప్టెనే."

"కాదు. ఆ పిల్ల అలా అనదు."

ఆ వారమంతా అన్నం దగ్గర ఇదే చర్చ. మొదటిదానికన్నా ఇదే మంచి కథ అని అన్నయ్య వాదన.

"మనుషులు మారతారు నాన్నా. పడవ మునిగింది, తన తమ్ముడు పోయాడు. ఇంకా మెత్తగా ఉంటుందా?"

"మారితే మారనీరా. పడవ మునిగిందెప్పుడు? సగం కథ అయ్యాక. ఈ పిల్ల మొదటి సీనులోనే నోరు పారేసుకుందే! కారణం ముందొస్తుందా, కోపం ముందొస్తుందా? తుఫానులో 'మీ చెయ్యి పడితే గానీ ఇది మాట వినదు' అన్న పిల్లేనా ఇది? ఆ రాసినోడు మొదటి భాగం మర్చిపోయాడు."

"ఆ పడవ సంగతేమో గానీ, పప్పు చల్లారిపోతోంది" అంది అమ్మ.

నేను దాచుకుని దాచుకుని చదివిన నవలల్లో దేని గురించీ ఇంత సూటి విమర్శ వినలేదు. కాకపోతే నాన్న పట్టుకున్న తప్పు ఆ రాసినవాడిది కాదు, నాది.

"నువ్వు చెప్పవే. అప్పుడు చదివింది నువ్వేగా" అన్నాడు అన్నయ్య.

"నాకు సరిగ్గా గుర్తులేదు" అన్నాను. అది రెండో అబద్ధం.

"అయితే ఉండండి, చూపిస్తా" అని అన్నయ్య మొదటి భాగం పెట్టి, తుఫాను ఘట్టం దాకా తెచ్చాడు. లేచి వెళ్ళిపోవచ్చు. చాప అంచు పీక్కుంటూ కూర్చున్నాను. ఇంజను అందుకుంది. అన్నయ్య సౌండు పెంచాడు. "ఫైన్. లెట్స్ గో."

ఇంజనీర్ల ఇంగ్లీషు వింటూ అన్నేళ్ళు పనిచేసిన మనిషికి ఆ మూడు మాటలు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇందులో చెయ్యి ఎక్కడుందే?" అన్నాడు అన్నయ్య నావైపు తిరిగి.

నాన్న టీవీ వైపే చూస్తున్నారు.

"ఇంగ్లీషులో అంతేరా, ముక్తసరిగా మాట్లాడతారు. తెలుగులో అయితే ఆ మాత్రం మర్యాద ఉండదూ?"

"అంటే చెల్లి సొంతంగా..."

"టీవీ కట్టెయ్. పడుకో పో, రేపు ఆఫీసుంది."

నన్ను వెనకేసుకొచ్చారు గానీ నావైపు చూడలేదు. తర్వాత మూడు రోజులు టీవీ దగ్గరికే రాలేదు. రెండో భాగంలోని కెప్టెన్ ఆయనకి ముందే నచ్చలేదు. ఇప్పుడు మొదటి భాగంలోని కెప్టెన్‌ని కూడా నేనే లాక్కున్నాననిపించింది. బస్సులో కూర్చుని రోజూ ఒక వాక్యం కూర్చుకునేదాన్ని, "నాన్నా, అప్పుడు నేను..." అని. మా స్టాపు ఇబ్రహీంపట్నం రాగానే అది చెదిరిపోయేది.

నాలుగో రోజు ఇంటికి వచ్చేసరికి టీవీ ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి.

"వాడికి తొందరెక్కువ. నువ్వు చదువమ్మా" అన్నారు నాన్న.

మిగిలింది చివరి ఘట్టమే. ఉన్నదే చదవాలి, ఏమీ కలపకూడదు అనుకున్నాను. కెప్టెన్ కొత్త పడవ రేవుకి చేరింది. మెకానిక్ చేతులు వణుకుతున్నాయి, పానా జారి నీళ్ళలో పడింది. కెప్టెన్ అతన్ని దిగిపొమ్మంది. కింద పడ్డ అక్షరాలు లోలోపల రెండుసార్లు చదువుకున్నాను. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి బాబాయ్, మళ్ళీ వస్తాను" అని నాలుక చివరిదాకా వచ్చింది. నాన్న అరచెయ్యి మోకాలి మీద ఉంది.

"ఇక దిగు ముసలాయనా. నీతో పని అయిపోయింది" అన్నాను.

రేవులో నిలబడ్డ మెకానిక్‌ని వదిలి పడవ చిన్నదైపోతూ వెళ్ళింది. తెర మీద పేర్లు పడుతుండగా నాన్న అడిగారు.

"అంతే అందా?"

"అంతే నాన్నా."

"ఏమీ కలపలేదుగా?"

తల ఎత్తలేకపోయాను. "లేదు నాన్నా."

"బాగా రాశాడమ్మా. పనిలోంచి దింపేటప్పుడు అలాగే ఉంటుంది" అన్నారు. కాలు మెల్లగా చాపుకుని, నా చేతిలోని రిమోట్ వైపు చూపించారు.

"ఆ ముక్క మళ్ళీ పెట్టి, మళ్ళీ చెప్పు. దింపితే దింపనీ. బాబాయ్ అని పిలిచి దింపమను."