బకెట్ కనబడితే నిలబడే కోడె

కేజీఎఫ్ దగ్గరి క్యాసంబళ్ళిలో అక్కయమ్మతో పంతానికి దిగి గెలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఒకసారి డెయిరీలో మిషన్ ఆమె పాలకు ఫ్యాట్ తక్కువ చూపించింది. ఆమె తిట్టలేదు, గొంతు పెంచలేదు. పాలక్యాను పక్కన పెట్టుకొని గడపలో చతికిలబడింది. “జబ్బు మిషన్‌కు చేసిందా, నా ఆవుకు చేసిందా, తేల్చండప్పా” అంది. మూడు పూటలు అట్లాగే వచ్చి కూర్చుంది. నాలుగో పూట మిషన్ బాగుచేసే మనిషి వచ్చి, విప్పి చూసి, తల గోక్కున్నాడు. ఆ రోజు నుంచి ఆమె వస్తుంటే డెయిరీ సెక్రెటరీ కుర్చీలోంచి లేవడం నేర్చుకున్నాడు.

అరవై రెండేళ్ళ మనిషి. మొగుడు సుబ్బరాయప్ప బంగారు గనిలో పనిచేసి, గని మూతబడ్డ ఆరేళ్ళకు దగ్గుతో పోయాడు. ఆమెకు మిగిలింది రెండు సీమావులు, ఒక నాటావు, ఎకరం రాగి చేను, ఈ పంతం.

అంత గట్టి మనిషిని మెత్తబరిచింది ఒక కోడెదూడ. నాటావు ఈనిన పన్నెండో రోజున రాగి వామి దగ్గర పాము కరిచి చచ్చిపోయింది. బూడిద రంగు హళ్ళికార్ జాతి దూడ తల్లి లేనిదైంది. ఇది బతకదు, ఆశ వదులుకో అన్నారు అందరూ. వదులుకోమంటే అక్కయమ్మ వదులుకుంటుందా? డెయిరీకి పోసే పాలలో సగం దాని గొంతులో పోసింది. సీసా మానేశాక బకెట్‌లో రాగి గంజి, ఆ తర్వాత బూసా తవుడు కలిపిన నీళ్ళు. బూడిగాడు అని పేరు పెట్టుకుంది.

బూడిగాడికి ఆకలెక్కువ, తాళిమి తక్కువ. బకెట్ కనబడితే చాలు, తోక లేపుకొని ఉరికొచ్చి ఆమె కడుపులో కుమ్మేవాడు. రెండుసార్లు వెల్లకిలా పడ్డాక ఆమె వాడికొక పద్ధతి నేర్పింది. బకెట్ పైకెత్తి పట్టుకొని నిలబడేది. నాలుగడుగుల దూరంలో కాళ్ళు బిగబట్టి ఆగితేనే కిందికి దించేది. ఆగకపోతే బకెట్ మళ్ళీ ఇంట్లోకి పోయేది. నెల తిరిగేసరికి బూడిగాడు ఎంత వేగంగా వచ్చినా ఆ ఎత్తిన బకెట్ చూడగానే మేకు కొట్టినట్టు నిలబడిపోయేవాడు. ఇంటికి చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు ఈ తమాషా చూపించి మురిసిపోయేది అక్కయమ్మ.

మూడో ఏడు వచ్చేసరికి వాణ్ణి పట్టుకొని నిలపడం ఆమె వల్ల కాలేదు. ఒక పొద్దున నీళ్ళకు విప్పితే ఈడ్చుకుపోయాడు, ఆమె భుజం ఎముక విరిగింది. దళారులు వాకిట్లో తిరగడం మొదలుపెట్టారు. ఆమె వాళ్ళను గడప తొక్కనివ్వలేదు. కేజీఎఫ్‌లో టెంపో తోలే వసంత్‌కు కోడెల పరుగుపందెం పిచ్చి, గుడ్లూ వేరుశెనగ చెక్కా పెట్టి సాకుతాడని విని, పిలిపించి అతనికే ఇచ్చింది. ఇచ్చి, వాడి ఖాళీ గుంజ చూడలేక వారం రోజులు కొట్టంలో ఆ మూలకు పోలేదు.

ఆరు నెలల తర్వాత వసంత్ ముఖం వేలాడేసుకొని వచ్చాడు.

“అమ్మా, వాడు పరిగెత్తితే ఇంగ గాలే. కానీ పందెం గీత దాటడు. రెండూర్లలో పరుగు నడిమధ్యన నిలబడిపోయినాడు. అందరూ నన్ను చూసి నవ్వినారు. మా నాయన ఇంట్లో నిలవనీయడంలేదు. ఈసారి కూడా నిలిచినాడంటే వచ్చే సంతకు తోలేస్తా. నువ్వు వేరేవాళ్ళ నోట్లో వినకూడదని నేనే చెప్పడానికి వచ్చినా.”

పందేనికి పనికిరాని, కాడి మెడకెత్తని కోడెను సంతలో ఎవరు కొంటారో, అది ఏ లారీ ఎక్కుతుందో అక్కయమ్మకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆమె ఫోను కోసం చెయ్యి చాపింది.

“వాడు నిలబడింది ఫోన్లో తీసినారా? చూపించు.”

రెండు వీడియోలూ మూడేసి సార్లు చూసింది. మొదటి ఊళ్ళో కంచె పక్కన మజ్జిగ అమ్మే మనిషి బకెట్ ఎత్తి ఇంకొకరికి అందిస్తోంది. రెండో ఊళ్ళో దుమ్ము అణచడానికి ఎవరో నీళ్ళ బకెట్ ఎత్తాడు. రెండుచోట్లా బూడిగాడు సరిగ్గా అక్కడే, నాలుగడుగుల ముందు, కాళ్ళు బిగబట్టాడు. అక్కయమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. వాడిది మొండితనం కాదు, తను నేర్పిన మర్యాద.

“బకెట్ చూసి నిలిచినాడప్పా. నేనే నేర్పినా.”

వసంత్ నవ్వాడు. “బకెట్టా? యాడన్నా ఉంటాదామ్మా అట్ల?”

“పందెం యాడ, ఎప్పుడు? నేనొస్తా.”

“కంచె దగ్గర ఆడవాళ్ళు నిలబడే చోటు కాదమ్మా.”

“నా చోటు నేను చూసుకుంటా. నువ్వు కోడెను చూసుకో.”

పందెం ఫిబ్రవరిలో, తమిళనాడు సరిహద్దు దగ్గరి పల్లెలో. చెల్లెలి కూతురు అర్పిత స్కూటర్ మీద తీసుకుపోయింది. అర్పిత మాలూరులో కొరియావాళ్ళ కంపెనీలో పనిచేస్తుంది, నోరు ఊరకే ఉంచుకోలేదు.

“పెద్దమ్మా, మా కొరియా సారు ఫోన్లో చూపించినాడు. వాళ్ళూర్లో ఇసుక పోసిన బరిలో రెండు కోడెల్ని ఇడుస్తారు. కొమ్ములు కలిపి నెట్టుకుంటాయి. ముందు ఏది పక్కకు తిరిగి పోతే అది ఓడినట్టు. చుట్టూ వేలమంది కూర్చొని చూస్తారంట.”

అక్కయమ్మకు కావలసింది ఒక్కటే. “ఓడిపోయినదాన్ని ఏం చేస్తారంట?”

“ఆయన వాళ్ళ మామ దగ్గర ఒకటుండాదంట. ఓడినా ఇంటికి తోలుకొనిపోయి గంజి కాచి పోస్తాడంట, మళ్ళీసారికి.”

“ఆ మామకు బుద్ధుండాది” అంది అక్కయమ్మ.

పల్లెలో దారికి రెండువైపులా సరుగుడు కట్టెల కంచె కట్టారు. ఒక్కో కోడెనూ విడిగా వదులుతారు, గడియారం పట్టి చూస్తారు. ఒక్కోదానికి మూడు తడవలు, అందులో మంచిది లెక్క. ఆడవాళ్ళంతా మిద్దెల మీదికెక్కి చూస్తున్నారు. అక్కయమ్మ మాత్రం కొంగు నడుముకు దోపి కంచె వెంబడి బయలుదేరింది. మజ్జిగ అమ్మే ఆమెను బతిమాలి వెనక సందులోకి పంపించింది. నిమ్మకాయ నీళ్ళవాడు వినకపోతే వాడి బకెట్ మీద గోనెసంచి కప్పింది. వాలంటీర్ ఒకడు “మిద్దె మీదికి పోమ్మా” అంటే, “నువ్వు పోప్పా, నీకే వయసుండాది” అంది.

కంచెకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్క బకెట్ మిగల్లేదు అనుకునేసరికి తప్పెట్లవాళ్ళ తాగునీళ్ళ బకెట్ కనబడింది. గీతకు ఇరవై అడుగుల ముందు, ఎండలో తళతళలాడుతోంది. ఒక్క ఉదుటున పోయి దాన్ని లాక్కుంది. సరిగ్గా అప్పుడే మైకులో వసంత్ పేరు పిలిచారు. దాచడానికి చోటు లేదు. ఆ కంగారులో, జనం తొక్కిసలాటలో, బకెట్ ఎవరి కాళ్ళకూ అడ్డం పడకుండా ఆమె దాన్ని పైకెత్తి పట్టుకుంది.

బూడిగాడు వచ్చాడు. పసుపు పూసిన కొమ్ములు, మెడలో బంతిపూలు, కింద దుమ్ము మేఘం. ఎంత అందంగా పెరిగాడని ఆమె అనుకునేలోపల నాలుగు కాళ్ళూ బిగబట్టి ఆమె ఎదుట నిలబడిపోయాడు. కంచె సందులోంచి మూతి చాపి బకెట్ వాసన చూశాడు. తల దించి ఆమె చెయ్యి నాకాడు. జనం ఒకటే నవ్వు. ఆరు నెలల బెంగ తీరిన ఆ క్షణం ఆమెకు ఎంత హాయిగా ఉందో, చేసిన తప్పు అంత ముల్లులా గుచ్చుకుంది.

వసంత్ పరుగున వచ్చాడు. “నా కొంప ముంచడానికే వచ్చినావామ్మా? దండం పెడతా, ఇంటికి పో.”

ఇంకొకరైతే పోయేవాళ్ళే. అక్కయమ్మ కంచె పట్టుకొని ఆలోచించింది. ఈ ఊళ్ళో బకెట్లు దాచగలదు, రేపు ఇంకో ఊళ్ళో? బకెట్ లేని ఊరుంటుందా? నేర్పింది తను. మరిపించాల్సిందీ తనే.

“రెండో తడవ ఇడు వసంతూ. నేను ఈడే ఉంటా. బకెట్ ఎత్తుకొనే ఉంటా.”

“నీకేమన్నా పిచ్చి పట్టిందా?”

“పట్టింది. ఇడు.”

బూడిగాడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి ముందే మూతి చాపాడు. రెండేళ్ళకు పైగా సాకింది, ఒక్కసారి కూడా వాడి మీద చెయ్యెత్తి ఎరగదు. అక్కయమ్మ పళ్ళు బిగించి బకెట్‌తో వాడి మూతి మీద కొట్టింది. వాడికి అర్థం కాలేదు. కళ్ళు పెద్దవి చేసి ఆమెనే చూశాడు. ఇంకా దగ్గరికి వచ్చాడు. ఆమె ఈసారి బలమంతా పెట్టి కొట్టింది. బకెట్ అంచు పగిలింది.

“పోరా! పో! నా దగ్గరికి రావద్దు, పో!”

ఆ అరుపుకు నవ్వులు ఆగిపోయాయి. బూడిగాడు బెదిరి ఎగిరి, చెవులు వెనక్కి పెట్టి, గీత దాటి పోయాడు. ఆలస్యం లెక్కలోకి వచ్చింది గనక ఆ తడవ పనికిరాలేదు. అర్పిత వచ్చి చెయ్యి పట్టుకొని, “చాలు పెద్దమ్మా, దాటినాడు కదా, పోదాం” అంది. ఆమె చెయ్యి విడిపించుకుంది.

“నిలబడి దాటినాడు. నిలబడకుండా దాటేది చూడల్ల.”

మూడో తడవ పిలిచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. భుజం మంటపెడుతున్నా పగిలిన బకెట్‌ను అందరికంటే ఎత్తుగా పట్టుకొని నిలబడింది అక్కయమ్మ. లోపల మాత్రం, రావద్దురా, నా వైపు చూడొద్దురా అని మొక్కుకుంటోంది. బూడిగాడు దుమ్ములోంచి బయటపడ్డాడు. బకెట్ చూశాడు. ఆమెను చూశాడు. తటాలున దారికి ఆ పక్కకు జరిగి, అవతలి కంచె రాసుకుంటూ, అడుగు తగ్గించకుండా ఆమెను దాటిపోయాడు.

ఆ రోజు పరిగెత్తినవాటిలో వాడిది నాలుగో స్థానం. వసంత్ గాల్లోకి ఎగిరాడు. జనాన్ని తోసుకొని వచ్చి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు.

“అమ్మా, నా మాట తప్పను. ఇంగ వీణ్ణి యాడికీ తోలను. నా కొట్టంలోనే ముసలోడు కావల్ల. రా, ఒకసారి వీపు నిమిరి పో.”

టెంపో నీడలో కోడెను కట్టేశారు. అక్కయమ్మ బకెట్ కంచె దగ్గరే వదిలేసి, వట్టి చేతులు చాపుకొని పోయింది. “బూడీ” అంది మెల్లగా. వాడు బుస్సుమని, తాడు బిగిసేదాకా వెనక్కి జరిగాడు. ఆమె ఇంకో అడుగు వేస్తే టెంపోకు ఒరుసుకున్నాడు.

“అలిసిపోయినాడమ్మా, అంతే” అన్నాడు వసంత్, తల దించుకొని.

ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు, తుడుచుకోనూ లేదు. “వేడి తగ్గినాక నీళ్ళు పెట్టు. మూతి మీద పసుపు రాయి, వాచింటాది” అని చెప్పి వెనక్కి తిరిగింది.

స్కూటర్ దగ్గర అర్పిత అడిగింది, “ఏమైంది పెద్దమ్మా? ఏమన్నాడు బూడిగాడు?”

“నన్ను చూసి భయపడినాడే” అంది అక్కయమ్మ, వెనక సీటు ఎక్కి కూర్చుంటూ. “ఇంగ బతుకుతాడు. పోనీ బండి.”