టూరింగ్ టాకీసులో ఆడవాళ్ల వైపు

మొన్న తిరుపతిలో రంగురంగుల జెండా పట్టుకుని ఊరేగింపులో నడుస్తున్న ఒక అమ్మాయి, నన్నూ నా పక్కనున్న ఆవిడనూ చూసి, "మీ కాలంలో ఇట్లాంటి ఉద్యమం ఉండిందా అవ్వా?" అని అడిగింది. రేపో మాపో ఆడా ఆడా, మగా మగా చేసుకునే పెళ్లిళ్లకూ చట్టం వస్తుందని దాని ధీమా. ఆ మాటకు నేనూ గంతులేశాను, మోకాళ్లు ఒప్పుకున్నంత మేరకు. ఉద్యమం మాకూ ఉండింది. సభ్యులం ఇద్దరమే. వడమాలపేట టూరింగ్ టాకీసులో, ఆడవాళ్ల వైపు కూర్చునేవాళ్లం.

డెబ్బైల చివరి మాట ఇది. డేరా మధ్యలో నడుమెత్తు మట్టిగోడ కట్టి మగవాళ్లను అటు, ఆడవాళ్లను ఇటు కూర్చోబెట్టేవారు. ఎవరూ చెడిపోకూడదని ఆ ఏర్పాటు! కొత్తగా పెళ్లయిన జంటలు గోడకు చెరోవైపు నుంచి మెడలు చాచి చూసుకుంటుంటే, ప్రేమించుకున్న మేమిద్దరం ఒకే చాప మీద భుజానికి భుజం ఆనించి వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్లం. నాకు నవ్వు ఆగేది కాదు.

ఒక సాయంత్రం మాత్రం నవ్వు రాలేదు. అంతకు రెండ్రోజుల ముందు కార్వేటినగరం వాళ్లు పెళ్లిచూపులకు వచ్చి, చాప మీద నా పక్కన కూర్చునే ఆమెను చూసి, నచ్చిందని చెప్పి వెళ్లారు. ఇంట్లో తను ఏం జవాబిచ్చిందో సినిమాలో చెప్తానంది. తెర మీద ఎవరు ఎవరిని కొడుతున్నారో నాకు పట్టలేదు. ఇంతలో రీలు తెగి దీపాలు వెలిగాయి. నేను గబుక్కున ఆమె చేతిలోంచి నా చెయ్యి లాక్కున్నాను. ఆడపిల్లలు చేతులు పట్టుకుంటే ఎవరూ పట్టించుకోరు, భయమంతా నాలోనే. ఆమె నా చెయ్యి తిరిగి తన ఒళ్లోకి తీసుకుంది.

"మా నాయనకు సెప్పేసినా మే. ఈ పెండ్లి వొద్దు, నా బతుకు నీతోనే అని. తిరుపతిలో నాకు టీచరు పని వచ్చిండాది గదా, ఆడ ఇద్దరం ఇల్లు బాడుగకు తీసుకుంటామన్నా."

"ఏమన్నాడు?"

"అన్నం ముందర్నించి లేసిపోయినాడు. తెల్లారి వచ్చి, మీరు తీసుకునే ఇంటికి తలుపు గట్టిగా ఉండాదో లేదో సూసుకోండి అన్నాడు."

నేను వేసిన కేకకు గోడవతల మగవాళ్లంతా లేచి చూశారు. "సినిమా ఆగిపోతే ఇంత సంబరమేందే నీకు!" అని ముందున్న ముసలమ్మ కసిరింది.

దీపాలు ఆరిపోయాయి. ఆ సినిమాలో తర్వాత ఏం జరిగిందో ఇప్పటికీ మా ఇద్దరికీ తెలియదు.